గొలుసు తీసింది మీరు, మాట పడింది వదిన

గాజువాక నుంచి ఒకాయన ఉత్తరం. పదకొండేళ్ల కిందట చీటీల అప్పు మెడకు చుట్టుకుంటే అమ్మ బీరువాలోంచి మూడు తులాల గొలుసు తీసి అమ్మేశారట. అనుమానం కొత్తగా కాపురానికొచ్చిన వదిన మీద పడింది. ఈయన నోరు మెదపలేదు, అమ్మ ఆ అనుమానంతోనే కన్నుమూశారు. రోజూ రాత్రి మోకాళ్ల మీద ఏడుస్తున్నా మనసు తేలికపడటం లేదు, నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చే వేళకి బండి తీసే వంకతో బయటికొచ్చేస్తున్నాను, కిందటేడు బాబుకి డెంగ్యూ వస్తే నా పాపమే కొట్టిందనుకున్నాను, ప్రార్థన గుంపులో ఒకావిడ క్షమాపణ లేని పాపాలు కూడా ఉంటాయంది, నన్ను దేవుడు క్షమించాడో లేదో ఎలా తెలుస్తుంది, వదినతో ఏమని మాట్లాడాలో మీరే రాసివ్వండి అంటున్నారు.

ముందు బాబు సంగతి తీసేద్దాం. డెంగ్యూ దోమ వల్ల వస్తుంది. పుట్టుగుడ్డివాణ్ని చూపించి, వీడు పాపం చేశాడా వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు, బైబిల్లో యోహాను 9లో ఉంది. మీ లెక్కలోకి ఆ పసివాణ్ని లాగకండి.

ఆవిడ చెప్పిన క్షమాపణ లేని పాపం మత్తయి 12లోది. పరిశుద్ధాత్మ చేసిన పనిని కళ్లారా చూస్తూ కూడా అది దయ్యాల పని అన్న పరిసయ్యులను, అంటే ఆనాటి యూదుల మతపెద్దలను ఉద్దేశించి చెప్పిన మాట అది. వాళ్లకి ఆ రాత్రి నిద్ర పట్టకపోవడమేమీ లేదు. మీలాగా భయపడి ఏడ్చేవాళ్లకి దాన్ని అంటగట్టే ఆవిడలంటే నాకు ఒళ్లు మంట, ఆ మాట దాచుకోను.

ఇక అసలు విషయం. తప్పిపోయిన కుమారుడి కథ మీకు కంఠతా వచ్చే ఉంటుంది, కానీ లూకా 15 ఒకసారి మెల్లగా చదవండి. ఆస్తిలో వాటా పట్టుకుపోయి తగలేసి, చివరికి పందుల దగ్గర కూర్చుని వాడు తండ్రికి చెప్పాల్సిన మాటలు వరసగా కూర్చుకుంటాడు, చివర్న "నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో" అనేది కూడా ఉంటుంది. తీరా ఇంటికొచ్చి చెప్పేటప్పుడు ఆ చివరి ముక్క నోట్లోంచి రాదు, అప్పటికే తండ్రి పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ముద్దుపెట్టుకుని, మంచి బట్టలు తెండని కేకేస్తున్నాడు. కృప అంటే అదే, పని చేసి తీర్చుకుంటానన్న బేరం పూర్తయ్యేదాకా ఆగకపోవడం. మీరు పదకొండేళ్లుగా రోజూ రాత్రి ఆ కూలివాడి ముక్కే అప్పజెబుతున్నారు. ఒప్పుకుంటే క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉంది, ఎన్ని వందల సార్లు ఒప్పుకోవాలో లేదు.

మరి మనసెందుకు తేలికపడదు? నాకు అర్థమైంది చెబుతాను, కోపం తెచ్చుకోకండి. దేవుడి దగ్గర ఏడవడం మీకు సులువు, ఆయన అన్నయ్యకి చెప్పడు. మిమ్మల్ని పొడుస్తున్నది దేవుడు క్షమించకపోవడం కాదు, పెందుర్తిలో ఇప్పటికీ దొంగ అనిపించుకుంటున్న మీ వదిన. దావీదు రాజు 51వ కీర్తనలో ఎంత ఏడ్చినా, తను భార్యను లాక్కున్న ఊరియాకి ఏమీ చేయలేకపోయాడు, అప్పటికే చంపించేశాడు గనక. మీ వదిన బతికే ఉంది, బస్సెక్కితే దొరుకుతుంది.

బలిపీఠం దగ్గర నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 5). కాబట్టి బల్ల వేళకి మీరు బయటికి రావడం తప్పు కాదండీ, పార్కింగ్ దగ్గరే ఆగిపోవడం తప్పు. పౌలు కూడా కొరింథీయులకి రాసిన ఉత్తరంలో తమను తాము పరీక్షించుకుని ఆ రొట్టె తినమన్నాడు, పరీక్షించుకుని పారిపొమ్మనలేదు.

జనం దగ్గర అన్యాయంగా గుంజుకున్న పన్నుల అధికారి జక్కయ్య సంగతి చూడండి. యేసు అతని ఇంటికొస్తానని ముందే చెప్పేశాడు, నాలుగంతలు తిరిగిచ్చేస్తానన్న మాట ఆ తర్వాత వచ్చింది. ఇచ్చి క్షమాపణ కొనుక్కోలేదు, దొరికాక చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. మీకు నాలుగంతలు చెప్పను. లేవీయకాండం 6 ప్రకారం తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇవ్వాలి, కనీసం అది పెట్టుకోండి. అప్పటి రేటు కట్టి డబ్బు చేతిలో పెట్టకండి, తులానికి తులం. ఒక్కసారి కుదరకపోతే విడతలుగా. అది అమ్మ సొత్తు కాబట్టి అన్నయ్యదీ, అక్క ఉంటే అక్కదీ కూడా. వదినకి ఇవ్వాల్సింది వేరే ఉంది, ఎవరెవరి ముందు ఆమె పరువు పోయిందో వాళ్లందరి ముందూ మీరు నోరు విప్పాలి, పిన్నిలూ మేనత్తలతో సహా.

ముందు మీ ఆవిడకి చెప్పండి, ఆమె ఇంకొకరి నోట వినకూడదు. తర్వాత అన్నయ్య, వదిన ఇద్దరూ ఇంట్లో ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. ఫోన్లో వద్దు, పెళ్లిళ్లలో అసలే వద్దు. సాతాను చేయించాడనొద్దు, చీటీ వాళ్ల టెన్షన్ గురించి కథ చెప్పొద్దు. "దేవుడు నన్ను క్షమించేశాడు వదినా" అని మాత్రం చచ్చినా అనకండి. ఆవిడ క్షమించకపోవచ్చు, గుమ్మం దాటి పొమ్మనొచ్చు, అన్నయ్య చెయ్యి చేసుకోవచ్చు కూడా. అది వాళ్ల హక్కు. నిద్ర పట్టడం లేదని కూడా రాశారు, వెళ్లొచ్చాక కూడా అలాగే ఉంటే డాక్టరుకి చూపించుకోండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, విశ్వాసం తక్కువైందని ఎవరన్నా అననీయండి.

ఏం మాట్లాడాలో రాసివ్వమన్నారు. ఒక్క వాక్యమే రాస్తాను: "వదినా, ఆ గొలుసు తీసింది నేను." ఆ తర్వాత ఆవిడ మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి, ఎంతసేపైనా సరే.