అనుదిన ధ్యానాలు రాయబోతున్న చెల్లెమ్మకు

ప్రభువునందు ప్రియమైన చెల్లెమ్మకు వందనాలు.

రూతు గ్రంథం రెండో అధ్యాయం మీద నువ్వు రాసి పంపిన మూడు ధ్యానాలూ చదివాను. వాక్యాలు చిన్నవిగా, శుభ్రంగా ఉన్నాయి. చదివేవాళ్ల మీద నీకున్న ప్రేమ తెలుస్తోంది. మీ సంఘ పత్రికకు రోజుకొకటి చొప్పున నెలకు ముప్ఫై రాసే పని ఒప్పుకున్నావు కాబట్టి, మొదటి నెల అచ్చుకు వెళ్లకముందే కొన్ని సంగతులు చెప్పాలి.

మూడింటిలోనూ ఒకే లోపం కనిపించింది. వాక్యభాగం దగ్గర నిలబడకుండానే అన్వయానికి వెళ్లిపోయావు. "రూతుకు బోయజును చూపించిన దేవుడు నీకూ తగిన వరుణ్ణి సిద్ధపరిచాడు" అని రాశావు. రెండో అధ్యాయంలో పెళ్లి మాటే లేదమ్మా. అక్కడ ఉన్నది ఆకలి. భర్తలు పోయిన ఇద్దరు ఆడవాళ్లు (రూతు, ఆమె అత్త నయోమి), గింజ లేని ఇల్లు, యవల కోత మొదలైన రోజులు. పెళ్లి సంబంధాలు తప్పిపోతూ నలభైకి దగ్గరపడిన ఒక అక్క పొద్దున్నే నీ పేజీ తెరుస్తుందనుకో. దేవుడు ఆమెకు ఇవ్వని మాటను ఆయన పేరు మీద నువ్వు ఇచ్చేసినట్టు అవుతుంది. అది నెరవేరకపోతే ఆమె నిన్ను తప్పుపట్టదు, తన విశ్వాసాన్నే అనుమానించుకుంటుంది.

కాబట్టి ముందు చదవడం సంగతి. ఆ అధ్యాయం మొత్తం 23 వచనాలు. మొదటిసారి పైకి చదువు, ఐదారు నిమిషాల పని. కంటితో చదివితే తెలిసిన కథే కదా అని మనసు ముందుకు పరుగెడుతుంది. నోటితో చదివితే ప్రతి మాటా పలకాల్సిందే. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ఏ మాట ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో పక్కన గుర్తు పెట్టుకో. మూడోసారి ముందు అధ్యాయం చివరి నాలుగు వచనాల నుంచి తర్వాతి అధ్యాయం మొదలు దాకా చదువు. బైబిలును ఇప్పుడున్న అధ్యాయాలుగా విభజించింది పదమూడో శతాబ్దంలో. కొత్త నిబంధనకు ఇప్పటి వచన సంఖ్యలు పెట్టి అచ్చువేసింది 1551లో. ఆ హద్దులు గ్రంథకర్తలు గీసినవి కావు. అధ్యాయం ఆగిన చోటల్లా నీ ఆలోచన ఆగనక్కర్లేదు.

ఇలా చదివితే ఏం దొరుకుతుందో చూడు. రెండో వచనంలో 'పరిగె' అన్న మాట ఉంది. నువ్వు దాన్ని "మిగిలిన ధాన్యాన్ని సేకరించింది" అని మార్చేశావు. కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని మన పల్లెల్లో పరిగె ఏరుకోవడమే అంటారు. ఆ మాట వినగానే వంగిన నడుములు, మోకాళ్లకు గుచ్చుకునే మోళ్లు కళ్లముందుకొస్తాయి. 'సేకరించింది' అంటే ఏమీ రాదు. పైగా అదే మాట లేవీయకాండం 19:9లో ఉంది: పొలం ఓరలు (అంచులు) పూర్తిగా కోయకూడదు, కోతలో పరిగె ఏరుకోకూడదు. ద్వితీయోపదేశకాండం 24:19 ఇంకో అడుగు వేసి, చేలో మరచిపోయిన పన (కోసిన పైరు కట్ట) కోసం వెనక్కి వెళ్లొద్దంటుంది. అది పరదేశికి, తండ్రి లేనివారికి, విధవరాలికి చెందాలి. రూతు పరదేశి, విధవరాలు కూడా. అంటే ఆ చేలో పరిగె ఆమెకు ధర్మశాస్త్రం ఇచ్చిన హక్కు. చేను యజమాని బోయజు దయ పదహారో వచనంలో మరో మెట్టు ఎక్కింది. కట్టిన పనల్లోంచి కావాలనే పిడికెళ్లు లాగి పడేయమన్నాడు, ఆమెను గద్దించవద్దన్నాడు. దేవుని ఆజ్ఞ అడిగింది ఓర. బోయజు పనలోంచి కూడా తీసి ఇచ్చాడు. వాటి మధ్య ఎంత దూరముందో చూపించగలిగితే ఒక రోజు ధ్యానం అయిపోయింది.

రెండో రోజుకు తొమ్మిదో వచనం, ఇరవై రెండో వచనం కలిపి చదువు. ఆమెను ముట్టకూడదని బోయజు పనివాళ్లకు ముందే ఆజ్ఞాపించాడు. వేరే చేలోకి వెళ్లొద్దని ఇంటి దగ్గర అత్త కూడా చెప్పింది. దిక్కులేని పరదేశి స్త్రీకి కోత చేలో ఎలాంటి ప్రమాదం ఉంటుందో ఇద్దరికీ తెలుసు. దీన్ని ప్రసంగాల్లో అరుదుగా ముట్టుకుంటారు. బట్టల కొట్టో, నర్సింగ్ హోమో, ట్యూషన్ సెంటరో నడిపే విశ్వాసులు మీ సంఘంలోనూ ఉంటారు. తన దగ్గర పనిచేసే అమ్మాయి రాత్రి ఎనిమిదింటికి ఇంటికెలా వెళ్తుందో కనుక్కోవడం ఈ వచనానికి అసలైన అన్వయం.

మూడో రోజుకు పేలాలు. మధ్యాహ్నం బోయజు అందించిన పేలాలు తిని, కడుపు నిండాక రూతు కొన్ని మిగిల్చింది (14వ వచనం). సాయంత్రం దుల్లకొడితే దాదాపు తూమెడు యవలయ్యాయి. మూలంలో ఉన్నది ఏఫా, సుమారు 22 లీటర్లు. అనువాదకులు దానికి మన కొలత వాడారు. ఈ తరానికి తూమంటే చెరువు తూమే తెలుసు కాబట్టి నువ్వు లీటర్లలో చెప్పు. అంత మోత మోసుకొచ్చి కూడా ఆమె ఆ గుప్పెడు పేలాలు మరచిపోలేదు. పద్దెనిమిదో వచనంలో అత్త చేతిలో పెట్టింది. ఒక్కరోజు ధ్యానానికి అది చాలు, పక్కన ఇంకో ఉపమానం అక్కర్లేదు.

అన్వయానికి ఒక కొలబద్ద పెట్టుకో. రాత్రి పడుకోబోయేముందు "ఇది చేశానా, లేదా" అని చదువరి తనను తాను అడిగి ఒక్క మాటలో జవాబు చెప్పుకోగలగాలి. "ప్రేమ కలిగి జీవిద్దాం" అనేది ఆ కొలబద్దకు నిలవదు. అది తప్పు మాట కాదు, కానీ దాన్ని ఈ రోజు ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. "ఇంట్లో పనిచేసే ఆమె జ్వరమొచ్చి మూడు రోజులు మానేస్తే, ఓర కోయనట్టే ఆమె జీతం కూడా కోయకండి" అని రాస్తే నిలుస్తుంది. ఒక ధ్యానానికి ఇలాంటిది ఒక్కటే ఉండాలి. మూడు చెప్తే ఒక్కటీ చేయరు. ఇంకో సంగతి, మన చదువరుల్లో చేను గలవాళ్లు కొద్దిమంది, పరిగె ఏరుకునేవాళ్లు చాలామంది. ప్రతి రోజూ ఇచ్చేవాళ్లకే రాస్తే, పుచ్చుకునే స్థితిలో ఉన్నవాళ్లు ఈ పత్రిక తమది కాదనుకుంటారు. వారంలో రెండు రోజులైనా రూతు వైపు నిలబడి రాయి.

ఇక, సందర్భం విడిచిన వచనాల సంగతి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక వచనం ఉన్న వాగ్దాన కార్డు తీసుకుని ఇంటికెళ్లడం మన సంఘాల్లో ఎంత ప్రియమైన అలవాటో నీకు తెలుసు. దాన్ని తీసిపారేయమనను. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సహోదరులు 1728 నుంచి రోజుకో వచనం ఇచ్చిపుచ్చుకుంటున్నారు, 1731 నుంచి ఏటా పుస్తకంగా అచ్చువేస్తున్నారు. వాళ్లు పాత నిబంధన వచనాన్ని చీటీ వేసి తీస్తారు. కానీ దానికి జతగా కొత్త నిబంధన వచనాన్ని మాత్రం చదివి, ఆలోచించి ఎంచుకుంటారు. ధ్యానం రాసేవాళ్ల పని ఆ రెండోది.

మనవాళ్ల గోడల మీద, క్యాలెండర్ల మీద ఎక్కువగా కనిపించే వచనం యోబు 8:7: "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." నువ్వు పంపిన జాబితాలో జనవరి మొదటి తేదీకి పెట్టుకున్నావు. ఈ మాట అన్నది యోబు స్నేహితుడు బిల్దదు. ఇదే అధ్యాయం నాలుగో వచనంలో, పిల్లలందర్నీ పోగొట్టుకున్న యోబుతో, నీ పిల్లలు పాపం చేసినందుకే అలా జరిగిందన్నట్టు మాట్లాడినవాడు. 42:7లో దేవుడు యోబు స్నేహితులు తన గురించి యుక్తమైనది పలకలేదని కోప్పడ్డాడు. యోబు చివరికి రెండింతలు పొందిన మాట నిజమే. అయినా బిల్దదు మాటను దేవుని వాగ్దానంగా అచ్చువేయకు. రాయాలనిపిస్తే, దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గరికెళ్లి ఏం మాట్లాడకూడదో చెప్పడానికి ఆ అధ్యాయాన్ని వాడు. మరణం జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లే ప్రతి విశ్వాసికీ అది అవసరం.

రాబోయే కాలంలో నిరీక్షణ కలుగుతుందని చెప్పే యిర్మీయా 29:11 అలా కాదు. అది దేవుని మాటే. కానీ దాని ముందు వచనంలో బబులోను చెరలో గడపవలసిన డెబ్బై ఏళ్లు ఉన్నాయి. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని హనన్యా చెప్పింది అబద్ధ ప్రవచనమైంది (28వ అధ్యాయం). బబులోనులో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోరి ప్రార్థించండి అన్న తర్వాత వచ్చింది ఈ వాగ్దానం. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేసుకుంటూ మీ పత్రిక తెప్పించుకునే తెలుగు కుటుంబానికి ఐదు నుంచి పదకొండు దాకా కలిపి రాసి చూడు, ఎంత దగ్గరగా తగులుతుందో.

అదే వచనంలో రెండు మాటలకు వివరణ ఇవ్వక తప్పదు. మన బైబిల్లో 'నిరీక్షణ' అంటే ఆశ, నమ్మకంతో ఎదురుచూడడం. బయట వాడుకలో ఎదురుచూపు మాత్రమే. 'సమాధానం' అంటే శాంతి, క్షేమం. బడిలో చదివే పిల్లవాడికి అది ప్రశ్నకు జవాబు. ఫిలిప్పీయులకు 4:7లోని "దేవుని సమాధానము" చదివి, దేవుడు జవాబిస్తాడని అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు. అక్కడ 'కావలియుండును' అన్న మాట ఎంత బాగుందో చూడు. పంట చేనికి కాపలా ఉన్నట్టు మనసుకు కాపలా. వచనాన్ని ఉన్నది ఉన్నట్టు ఇచ్చి, నీ మాటల్లో ఈ కాలపు తెలుగు వాడు. గ్రాంథికం కలిపి రాస్తే భక్తి పెరగదు.

'నీవు' అని చదువరిని నిలదీసే అలవాటు మానుకో. "నీవు ప్రార్థించుచున్నావా? నీవు క్షమించుచున్నావా?" అని వరసగా అడిగితే పేజీ తిప్పేస్తారు. 'మనం' వాడు. గ్రీకులో 'మనము', 'మేము' రెంటికీ ఒకటే మాట. తెలుగు అనువాదకులు ప్రతిచోటా ఆలోచించి ఎంచుకోవలసి వచ్చింది. 2 కొరింథీయులకు 5:20లో "మేము క్రీస్తుకు రాయబారులమై" అని పెట్టారు. నువ్వు కూడా ఎవరిని కలుపుకుంటున్నావో చూసుకుని రాయి.

జబ్బు గురించి రాసేటప్పుడు చాలా జాగ్రత్త. విశ్వాసముంటే మందులెందుకు అనే ధోరణి ఒక్క వాక్యంలో దొర్లినా, షుగర్ మాత్రలు ఆపేసేవాళ్లు ఉంటారు. పౌలు తన సహచరుడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. స్వస్థత కోసం ప్రార్థించమని రాసే ప్రతిసారీ ఈ రెండు వచనాలూ నీ బల్ల మీద ఉండాలి.

కష్టమైన భాగాలు దాటేయకు. బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడుకు పైనే. ఆ లెక్కన చదివేవాళ్లు సంఖ్యాకాండం జనాభా లెక్కల దగ్గర ఆగిపోతారు. అక్కడే నువ్వు తోడుండాలి. 26:33లో వంశావళి మధ్య సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురి పేర్లు వస్తాయి. అధ్యాయం తిప్పితే, తండ్రి భూమిలో వాటా అడిగిన వాళ్లు న్యాయంగానే మాట్లాడారని దేవుడే అన్నాడు. వీలునామా లేకపోతే క్రైస్తవ కుటుంబంలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా అని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతోంది. చెల్లెలి చేత వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోబోయే అన్నలు ఈ పేజీ చదవాలి.

పద్ధతి సంగతి క్లుప్తంగా చెప్తాను. పొడవు 250 నుంచి 300 మాటలు, మూడు నిమిషాల్లో చదవగలిగేంత. పూర్తిగా ఇచ్చే వచనం ఒకటి, మహా అయితే రెండు. ప్రార్థన రెండు వాక్యాలు, ఆ రోజు చెప్పిన పని కోసమే అడగాలి. "అందరినీ దీవించు" అని ముగిస్తే అన్వయం జారిపోతుంది. రాసిన రోజే దిద్దకు, ఒక రాత్రి గడవనివ్వు. వచనాలు జ్ఞాపకం నుంచి రాయకు, అచ్చు బైబిలు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడు. పాత పేజీలు తిరిగి వాడేటప్పుడు పండుగల తేదీలు చూసుకో. ఈస్టర్ 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. సరిచూడకపోతే ఈస్టర్‌కు వారం ముందు రావలసిన మట్టల ఆదివారం ధ్యానం ఈస్టర్ అయిపోయాక వస్తుంది.

ఆ మూడు ధ్యానాలూ తిరగరాశాక మూడో అధ్యాయానికి వెళ్లు. 3:17లో బోయజు రూతును అత్త దగ్గరికి 'వట్టిచేతులతో' పోవద్దన్నాడు. 1:21లో నయోమి, యెహోవా నన్ను 'రిక్తురాలి'గా తిరిగి తెచ్చాడని ఏడ్చింది. తెలుగులో ఇవి రెండు వేర్వేరు మాటలు, హీబ్రూలో రెండు చోట్లా ఒకే మాట. ఆ రెండు వచనాలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని, మధ్యలో ఏం జరిగిందో నెమ్మదిగా చదివి రాసి పంపు. పదిహేనో తేదీలోగా అందితే, అచ్చుకు వెళ్లేలోపు ఇద్దరం ఇంకోసారి చూసుకోవచ్చు.

ప్రభువునందు
నీ అన్నయ్య