నీ స్క్రిప్టులో కార్పొరేటరు గురించి

అమ్మలూ,

నీ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు చదివాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు ప్రతి మాటకీ "అది కాదు మావయ్యా" అని అడ్డం పడతావు, అందుకే రాస్తున్నాను. పూర్ణా మార్కెట్ దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న ఆవిడ, నెల నెలా మామూలు పెంచమంటే ఒప్పుకోనందుకు ఆ బండి తీయించేసిన కార్పొరేటరు, చివర్లో ఆర్కే బీచిలో జనం చూస్తుండగా ఆవిడ కొడుకు వాడి చెంప పగలగొట్టడం. కథ బాగా ఎంచుకున్నావు. కార్పొరేటరు మాత్రం నాకు నచ్చలేదు.

మొదటి సీనులోనే వాడు మెడలో గొలుసుతో, పక్కన నలుగురు మనుషులతో, సిగరెట్టు పొగ వదులుతూ కారు దిగాడు. ఇంక చూసేవాడికి ఆలోచించే పనేముంది? చెడ్డవాడు కాబట్టి చెడ్డపని చేశాడు. అలాంటివాడు ఏ పదవీ లేకపోయినా అలాగే ఉంటాడు కదా, మరి అధికారం గురించి నువ్వు చెప్పిందేమిటి? వాడికి ఇంట్లో పెద్దకొడుకు బాధ్యత, ఎన్నికలకి చేసిన అప్పు, ఎవరైనా "సార్" అనకపోతే వచ్చే చిరాకు, ఇవన్నీ ఇవ్వు. బండి ఆవిడ పేరు కూడా వాడికి గుర్తుండక్కర్లేదు. ఆవిడ బతుకు తిరగబడిపోయింది, వాడికి అది కారులో వెళ్తూ చేసిన అరనిమిషం ఫోను. అదీ నన్ను భయపెట్టేది.

ఇంతకీ బండి పోయే సీను నువ్వు అరపేజీలో లాగించేశావు. లారీ వచ్చింది, ఎత్తుకుపోయారు, ఆవిడ ఏడ్చింది. అసలు సినిమా అంతా అక్కడే ఉందే తల్లీ! కార్పొరేటరు నోటిమాట మీద బండి ఎత్తేయొచ్చని ఏ చట్టంలోనూ లేదు. వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్రం చేసిన చట్టం తీసి చదువు, కష్టమేం కాదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. సామాను సీజ్ చేస్తే జాబితా రాసి, సంతకం పెట్టి, కాపీ చేతికివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతాది రెండు పనిరోజుల్లో. ఇప్పుడు నీ సీను చూడు. నోటీసు లేదు, జాబితా లేదు. రుబ్బిన పిండి లారీలో పులుస్తూ ఉంది. మర్నాడు ఆవిడ ఆఫీసుకి వెళ్ళి సామాను ఇప్పించమంటే అక్కడి గుమస్తా, చెడ్డవాడేం కాదు, ఆవిడ బండి దగ్గర ఇడ్లీ తిన్నవాడే, "జాబితా లేదమ్మా, జాబితా లేకపోతే సామాను మా దగ్గర ఉన్నట్టు కాదు" అంటాడు. ఆ ఒక్క మాటకి నీ చెంపదెబ్బ సరిపోదు.

ఆ గుమస్తాని వదలకు. వాడిది కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా ఎవరో సంతకం పెడితే నిలబడేది. లారీ డ్రైవరూ అంతే. కోర్టులో బెంచి గుమస్తాగా పనిచేసినన్నాళ్ళూ నేను చూసింది ఇదే, పెద్దవాళ్ళ సంతకం ఎక్కడా కనపడదు, కనపడేదల్లా కింది నలుగురి సంతకాలు, రేపు ఏమైనా అయితే తలకాయలు కూడా వాళ్ళవే. ఇంకోటి. ఆ చట్టం ప్రకారమే పట్టణ వెండింగ్ కమిటీ అని ఒకటి ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. అలాంటి సభ్యురాలిని ఒకామెని పెట్టు, పక్క బండి పూలామెని. ఆమె నోరు విప్పితే తన బండి కూడా పోతుంది. విప్పకపోతే ఆ జాగా తనకే కలిసొస్తుంది. ఆమె ఏం చేస్తుందో నాకు చెప్పకు, సినిమాలో చూస్తాను.

కాళీపట్నం రామారావు మాస్టారి "యజ్ఞం" చదివావా? మన విశాఖలోనే బడిపంతులుగా చేశారాయన, యజ్ఞంతో ఇంకొన్ని కథలు కలిపిన పుస్తకానికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందులో పంచాయితీ పెద్ద శ్రీరాములునాయుడు మంచివాడు, ఊరికి మేలు చేసినవాడు, ఒక్క పరుషమైన మాట అనడు. అందరూ కూర్చుని పద్ధతి ప్రకారం అప్పల్రాముడు అప్పు తీర్చాలనే తేలుస్తారు, వాదన అంతా న్యాయంగానే వినపడుతుంది. ఆ న్యాయం తన కొడుకు నెత్తిన కూడా పడకూడదని అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డనే చంపుకోవడం చదివాక నాకు చాలా రోజులు అన్నం సయించలేదు. అక్కడ ఎవరూ మీసం మెలెయ్యలేదు, గమనించు.

చెంపదెబ్బ విషయానికొస్తాను, నువ్వు దీని దగ్గరే పోట్లాడతావని తెలుసు. విరాటపర్వం గుర్తుందా? "నర్తనశాల" (1963) చూసే ఉంటావు, ఎస్వీ రంగారావు కీచకుడు. నిండు సభలో కీచకుడు ద్రౌపదిని తన్నాడు, రాజు ఎదురుగానే ఉన్నాడు. సింహాసనం విరాటుడిది, దాన్ని వాడుకునేది బావమరిది, ఎందుకంటే సైన్యం వాడి చేతిలో ఉంది, వాడు లేకపోతే రాజ్యం నిలవదని రాజుకి భయం. మన రాజకీయాలు తెలిసినవాడికి వేరే వివరణ అక్కర్లేదు. సరే, భీముడు కీచకుణ్ణి చంపాడు, మనం చప్పట్లు కొట్టాం. భారతం మాత్రం అక్కడ ఆగలేదు. ఉపకీచకులు వచ్చి, నీవల్లే మా అన్న పోయాడని ద్రౌపదిని శవంతో పాటు కాల్చడానికి కట్టి తీసుకెళ్ళారు. భీముడు మళ్ళీ రావాల్సి వచ్చింది. అదీ అయ్యాక విరాటుడు చేసిన పనేమిటంటే, రాణి సుదేష్ణ చేత ద్రౌపదిని ఊరు విడిచి వెళ్ళిపొమ్మని చెప్పించడం. ఆవిడ ఇంకో పదమూడు రోజులు గడువు అడగాల్సి వచ్చింది. తన్నులు తిన్నావిడే గడువు అడుక్కుంది! నీ కొడుకు పాత్ర బీచిలో చెయ్యెత్తిన మర్నాడు పొద్దున్న ఏమవుతుంది? వాడి మీద కేసు పడుతుంది, బెయిలుకి ఆవిడ మిగిలిన గొలుసు తాకట్టు పెడుతుంది, వీధిలో వాళ్ళు "నీ కొడుకు ఆవేశపడకుండా ఉంటే మాట్లాడి బండి ఇప్పించేవాళ్ళం" అంటారు. నీకు చెంపదెబ్బ అంత ముఖ్యమైతే దాన్ని సినిమా సగంలో పెట్టి, మిగతా సగం ఇది తియ్యి.

అంటే చెడ్డవాడికి ఏ శిక్షా పడకూడదనా? అలా కాదు. పడనీ, కానీ ప్రేక్షకుడికి ఊరట కోసం పడెయ్యకు. "రంగస్థలం" (2018) నాకు కొన్నిచోట్ల గోలగా అనిపించింది గానీ, ఒక్క మాట ఒప్పుకోవాలి, ప్రెసిడెంటు మీదే మన కోపమంతా పెట్టించి, అసలు హీరో అన్న హత్య వెనక ఉన్నది ఆ మర్యాదస్తుడైన నాయకుడని చివర్లో చూపించారు. మనం ఎవరిని చూసి నమస్కారం పెట్టామో తల్చుకుని ఒళ్ళు జలదరిస్తుంది. నీ కథలో ఆ నమస్కారం ఎవరికి పడుతుందో ఆలోచించు.

రావిశాస్త్రిగారి సారా కథలు నీ దగ్గర లేకపోతే మా ఇంటికొచ్చి పట్టుకెళ్ళు. మన ఊళ్ళోనే ప్లీడరీ చేసిన మనిషి. "మాయ"లో సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మకి కోర్టు ఎలా నడుస్తుందో కుర్ర ప్లీడరు కన్నా బాగా తెలుసు. నీ బండి ఆవిడ ఎందుకు అంత అమాయకురాలు? పదేళ్ళు రోడ్డు మీద అమ్మిన మనిషికి ఏ కానిస్టేబులు ఏ రోజు వస్తాడో, ఎవరికి ఎంత ఇస్తే ఎన్నాళ్ళు ఊరుకుంటారో అన్నీ తెలుసు. ఆవిడ మొన్నటిదాకా మామూలు ఇచ్చినదే కదా, ఆ విషయం దాచకు. దాచితే ఆవిడ గుళ్ళో బొమ్మ అవుతుంది. రాసే ముందు మార్కెట్టు దగ్గర పొద్దున్నే వెళ్ళి కూర్చో, ఎవరినీ ఇంటర్వ్యూ చెయ్యకు, టిఫిన్ తిని, డబ్బులు లెక్కపెట్టే చేతులు చూసి వచ్చెయ్యి.

యాస సంగతి ఒకటి. బండి ఆవిడకీ లారీ డ్రైవరుకీ మన ఉత్తరాంధ్ర యాస పెట్టి, కార్పొరేటరుకీ ఆఫీసరుకీ టీవీ వార్తల తెలుగు పెట్టావు. మన సినిమాలు ఏళ్ళ తరబడి చేసిన పనే నువ్వూ చేశావు, ఆ మాట మాట్లాడేవాళ్ళందరినీ పనివాళ్ళనో నవ్వులాటకో వాడుకోవడం. నీ కార్పొరేటరు మన వీధిలో పుట్టినవాడేగా, అందరికీ అదే యాస పెట్టు. బండి తీయించే ఫోను కూడా వాడు మన మాటలోనే, కొంచెం నవ్వుతూ చెయ్యాలి. అది రాసి పంపు, ముందు ఆ ఒక్క సీనే.

మీ మావయ్య