‘పుట్’కి డచ్‌లో ఒక్క మాట వెతకకు

చి. సౌ. అమ్మడికి,

పిన్ని ఆశీస్సులు. నువ్వు పంపిన వాషింగ్ మెషీన్ వాడకం పుస్తకం డచ్ అనువాదం మొత్తం చదివాను. వాక్యాల అల్లిక బాగా కుదిరింది, చాలా సంతోషం. ఒక్క విషయంలో మాత్రం కూర్చుని మళ్లీ పని చెయ్యాలి. ఇంగ్లిష్‌లో ‘పుట్’ కనబడిన ప్రతిచోటా ‘జెటెన్’ అని వేసుకుంటూ పోయావు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ డచ్ మనిషి చదివితే రెండో వాక్యం దగ్గరే ఆగిపోతాడు.

ఇంగ్లిష్ వాళ్లకి వస్తువు ఎక్కడికి చేరిందో చెబితే చాలు. డచ్ వాళ్లకి అది చేరాక ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. నిలబడి ఉంటే జెటెన్. పడుకుని ఉంటే లెఖెన్. వేలాడుతుంటే హాంగెన్. దేనిలోపలికైనా పోతే డూన్, స్టొపెన్, స్టేకెన్. అందుకని క్రియ రాసేముందు నిఘంటువు తెరవకు, ఆ వస్తువునే ఒక్క క్షణం చూడు.

భోజనాల బల్ల సర్దుతున్నావనుకో. కంచాన్ని జెటెన్ చేస్తారు, చెంచాని లెఖెన్ చేస్తారు. చదునుగా పరుచుకున్న కంచం నిలబడటమేంటి అనిపిస్తుంది. కానీ దానికి అడుగు ఉంది, ఆ అడుగు మీద ఆనితే డచ్ లెక్కలో అది నిలబడ్డట్టే. గ్లాసు, గిన్నె, బూట్లు, కారు, సైకిల్ అన్నీ అంతే. డిసెంబర్ 5 సింటర్‌క్లాస్ పండగకి ముందు రోజుల్లో పిల్లలు రాత్రిపూట కానుకల కోసం బూటు పెట్టడాన్ని ‘స్ఖూన్ జెటెన్’ అనే అంటారు. బంతికి అడుగు లేదు గనక ఎప్పుడూ లెఖెనే. పుస్తకం బల్లమీద లెఖెన్, అదే పుస్తకం అలమరలో నిలువుగా సర్దితే జెటెన్. సీసా కూడా అంతే, ఫ్రిజ్‌లో అడ్డంగా పడుకోబెడితే మాట మారిపోతుంది.

ఇప్పుడు నీ పుస్తకానికి వద్దాం. మెషీన్‌ని చదునైన నేల మీద పెట్టడం జెటెన్, అక్కడ నువ్వు సరిగ్గానే రాశావు. ప్లగ్గుని సాకెట్‌లో పెట్టడం మాత్రం స్టేకెన్. ఆ ప్లగ్గుకి డచ్ పేరే స్టెకెర్, ఇలా కలిపి గుర్తుపెట్టుకో. బట్టలు డ్రమ్ములో వేయడం డూన్, పొడి ట్రేలో పోయడమూ డూనే. స్టొపెన్ అన్నది కాస్త కుక్కినట్టు, జేబులో దోపినట్టు ఉంటుంది. బట్టల విషయంలో అది కూడా చెల్లుతుంది గానీ వాడకం పుస్తకంలో డూన్ హాయిగా ఉంటుంది. లీకయితే కింద తువ్వాలు వేయమన్న చోట లెఖెన్ రాయి.

‘ప్లాట్‌సెన్’ అనే మాట ఒకటుంది, అన్నిటికీ అదే వాడితే గొడవ ఉండదు కదా అని నీకు తోచవచ్చు. కంపెనీ పుస్తకాల్లో అది బాగానే కనబడుతుంది. మెషీన్ లాంటి బరువైన వస్తువుకి సరిపోతుంది కూడా. తువ్వాలుకీ, సాక్సులకీ అదే వాడితే ఆఫీసు నోటీసు చదివినట్టుంటుంది. నాకది నచ్చదు, నువ్వూ దాన్ని అలవాటు చేసుకోకు.

ఇంకో మాట, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఇంగ్లిష్‌ని పక్కన పెట్టి తెలుగులో ఆలోచిస్తే చాలాచోట్ల డచ్ దగ్గరగా వస్తుంది. మనం టీ పెడతాం, వాళ్లూ ‘టే జెటెన్’ అంటారు. ఇంగ్లిష్ వాళ్లు ‘మేక్’ అంటారు. మనం సంతకం పెడతాం, అలారం పెడతాం. ఆ రెండింటికీ డచ్‌లో జెటెనే. కళ్లజోడు, టోపీ ‘పెట్టుకుంటాం’, చొక్కా ‘తొడుక్కుంటాం’. డచ్‌లో కూడా కళ్లజోడుకి, టోపీకి ‘ఒప్‌జెటెన్’, చొక్కాకి ‘ఆన్‌ట్రెకెన్’. ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ ‘పుట్ ఆన్’ ఒక్కటే. అయితే కంచం, చెంచా దగ్గర మాత్రం మన ‘పెట్టు’ని నమ్ముకోకు. మనమూ రెండింటికీ అదే మాట వాడతాం కదా.

లెఖెన్, లిఖెన్ తేడా ఒకసారి చూసుకో. మొదటిది మనం పడుకోబెట్టడం, రెండోది అది పడుకుని ఉండటం. ఈ రెంటినీ డచ్ వాళ్లలోనే కొందరు మాటల్లో తారుమారు చేస్తుంటారు. కానీ రాతలో అలా వస్తే వెంటనే దిద్దుతారు. జరిగిపోయిన పనికి మొదటిది ‘లెఖ్‌డె’, రెండోది ‘లాఖ్’ అవుతుంది. నువ్వు బెల్జియం వైపు వెళ్లినప్పుడు ‘జెట్ ఊ’ అని ఎవరైనా అంటే కంగారుపడకు, కూర్చోమంటున్నారన్నమాట.

‘పుట్ ఆఫ్’, ‘పుట్ ఔట్’ లాంటి జంట మాటలకి ఈ లెక్క పనికిరాదు. వాయిదా వేయడానికి ‘అవుట్‌స్టెలెన్’, మంట ఆర్పడానికి ‘బ్లుసెన్’. వాటిని విడిగా నేర్చుకోవాల్సిందే. చెత్తబుట్ట బయట పెట్టడం మాత్రం మళ్లీ జెటెనే.

సాధన కోసం డబ్బులు పెట్టి ఏ క్లాసుకీ వెళ్లక్కర్లేదు. సూపర్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు సరుకు ఎక్కడుందో అక్కడ పనిచేసే పిల్లల్ని అడుగు. పాలు ‘స్టాట్’ అంటారు, అరటిపళ్లు ‘లిఖెన్’ అంటారు. ఏది నిలబడుతుందో, ఏది పడుకుంటుందో వాళ్ల నోటినుంచే వింటావు. స్టాట్‌కి మూలం స్టాన్, అంటే నిలబడి ఉండటం. స్టాన్ అన్నదానికి జెటెన్, లిఖెన్ అన్నదానికి లెఖెన్ తోడు వస్తుంది. నాలుగు వారాలు ఇలా వింటే చాలు, స్టాట్స్‌ఎక్సామెన్ ఎన్‌టీ2 (డచ్‌ని రెండో భాషగా నేర్చుకున్నవాళ్లకి పెట్టే ప్రభుత్వ పరీక్ష) రాసేనాటికి ఇది నీకు ఆలోచించకుండానే వచ్చేస్తుంది.

ముందుగా పొడి పోసే పేజీ మళ్లీ రాసి పంపు, దానిలోనే ‘పుట్’లు ఎక్కువున్నాయి. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

నీ పిన్ని