నోటుబుక్కు వెనక పేజీలు

అమ్మాయ్,

మీ నాన్న పాస్టరుగా ఉన్న రోజుల గురించి నువ్వు రాస్తున్న పుస్తకం పదకొండు అధ్యాయాలూ చదివాను. మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చి మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి అయ్యాయి. క్రిస్మస్‌కి వెదురు బద్దలతో నక్షత్రం కట్టడం, డిసెంబరు ఆఖరి రాత్రి వాచ్‌నైట్‌లో ప్రార్థన అయ్యేలోపే నువ్వు అమ్మ ఒళ్లో నిద్రపోవడం, కోత పండగకి తెచ్చిన గుమ్మడికాయల్నీ కోళ్లనీ ఆరాధన అయ్యాక వేలం వేయడం, అన్నీ బాగా రాశావు. అయినా నీ పుస్తకం ఇంకా మొదలవలేదనిపించింది. ఎందుకో చెప్తాను, బాధపడకు.

ఇన్ని పేజీల్లో పొలం గురించి నువ్వు రాసింది ఒకే ఒక్క వాక్యం. ‘మాకు సాగర్ కాలువ కింద మూడెకరాల మిరప తోట కూడా ఉండేది.’ నేను ఆ ‘కూడా’ దగ్గర ఆగిపోయాను. ఆదివారం పుల్పిట్ మీద నిలబడే మనిషి మిగతా ఆరు రోజులూ ఎక్కడ ఉన్నాడు? నువ్వు బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి ఎక్కడ పడేసేదానివి, గుళ్లోనా, కల్లంలోనా? తాలుకాయలు ఏరుతూ కంఠత వాక్యాలు అప్పజెప్పేదాన్నని ఫోన్లో నువ్వే కదా అన్నావు.

ఇంకో సంగతి కూడా చెప్పావు. బాప్తిస్మం తీసుకున్నాక మొదటిసారి ప్రభువు బల్లలో, అదే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనలో, పాలుపొందిన రోజు. ముందు రాత్రి పొద్దుపోయేదాకా మీ నాన్న మిరపకాయలు టిక్కీ బస్తాల్లోకి తొక్కారు. తెల్లారి ఆ చేతులతోనే రొట్టె విరిచి ఇచ్చారు. ఎంత కడుక్కున్నా గోళ్ల సందుల్లో ఆ ఘాటు పోదు కదా, ముక్క నాలుక మీద పడగానే సన్నగా మండింది. నీళ్లు అడగాలంటే భయం. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, పక్కన కూర్చున్న అవ్వ నువ్వు పాపాలు తలుచుకుని ఏడుస్తున్నావనుకుని వీపు నిమిరింది. అమ్మా, ఇది నీ పుస్తకంలో ఎందుకు లేదు? ఇలాంటిది నాకు జరిగి ఉంటే మొదటి పేజీలోనే పెట్టేవాణ్ని. ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పేసి మర్చిపోయే సంగతి కాదిది.

సరే, నాకు అన్నిటికంటే కావలసింది శనివారం సాయంత్రం. కూలి బట్వాడా. మీ సంఘంలో ఆడవాళ్లు పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో దాచి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్లని మూడో అధ్యాయంలో చక్కగా రాశావు. ఆ బియ్యమే మీ ఇంట్లో ఉడికేది. ఆ ఆడవాళ్లే సోమవారం నుంచి మీ తోటలో కాయ కోసి, శనివారం సాయంత్రం మీ వాకిట్లో నిలబడి మీ నాన్న చేతి నుంచి కూలి తీసుకునేవాళ్లు. ఇది మాత్రం రాయలేదు. ధర పడిపోయిన ఏడాది ఆయన ‘వచ్చే వారం చూస్తానమ్మా’ అంటే ‘సరే అయ్యగారూ’ అని వెళ్లిపోయిన మనిషి ఎవరు? మర్నాడు ఆమె పిడికెడు బియ్యం తెచ్చిందా? తెస్తే నువ్వు ఆమె మొహం చూడగలిగావా?

మీ నాన్నని తప్పుపట్టమని కాదు నేను అడుగుతున్నది. కానుకల మీద ఇల్లు గడవక, పిల్లల చదువుల కోసం తోట వేసుకున్న మనిషి ఆయన. పురుగుమందుల షాపులో అప్పు, పురుగు పట్టిన ఏడాది టెన్షన్, ఇవన్నీ మోస్తూనే వాళ్ల ఇళ్లలో జబ్బు పడితే అర్ధరాత్రి సైకిలేసుకుని వెళ్లి ప్రార్థన చేసిన మనిషి. రెండూ నిజమే. రెండూ పక్కపక్కన పెట్టు, తీర్పు చెప్పకు.

మొదటి అధ్యాయంలో ఆరు పేజీలు ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గురించి ఉంది. ఒంగోలు వైపు నుంచి మనవాళ్లెవరు రాసినా అక్కడి నుంచే మొదలుపెడతారు. 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆయన జనానికి కూలి ఇప్పించడం, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ ఆరు పేజీలూ తీసెయ్, ఒక్క సంగతి మాత్రం ఉంచు. కరువు సాయం నడిచినన్నాళ్లూ, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, ఆయన బాప్తిస్మాలు ఆపారు. కూలి వేరు, విశ్వాసం వేరు అని చూపించడానికి అంత తాపత్రయపడ్డారు. దాన్ని తీసుకెళ్లి మీ వాకిట్లో ఆ శనివారం సాయంత్రం పక్కన పెట్టు. నువ్వేమీ వివరించక్కర్లేదు.

బడిలో చేర్పించేటప్పుడు కులం గడిలో, ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకి పెట్టిన బీసీ-సీ అని రాయించిన రోజుని కూడా ఒక ముక్కలో దాటేశావు. కాగితం మీద అలా మారినా ఊళ్లో ఎవరూ మారలేదు కదా. దానికి కనీసం నాలుగు పేజీలు కావాలి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాన్న కూడా పాస్టరే, మాది పొగాకు. దేహం దేవుని ఆలయమని, చుట్ట మానండని సంఘానికి ప్రసంగం చెప్పేవారు. పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ నడిచే రోజుల్లో రాత్రంతా పొయ్యి ముందు కూర్చుని, వేడి తగ్గకుండా కట్టెలు ఎగదోస్తూ, ఆ మంట వెలుగులోనే ఆదివారం ప్రసంగం రాసుకునేవారు. నేను ఆయన మీద రాసిన మొదటి పుస్తకంలో బ్యారన్ ఊసే ఎత్తలేదు. ఆయన్ని తక్కువ చేసినట్టవుతుందనుకున్నాను. అచ్చయ్యాక చదువుకుంటే అందులో ఒక పాస్టరు గారున్నారు, మా నాన్న లేడు. అప్పటికే ఆయన పోయారు. ఆ రాత్రుల్లో ఆయనకేమనిపించేదో అడిగే దారి లేకుండా పోయింది. ఇది నాకు ఇప్పటికీ తీరని బాధ.

భాష విషయం ఒకటి. మీ నాన్న పుల్పిట్ మీద ‘సహోదరులారా, మీతో చెప్పుచున్నాను’ అనేవారు, తోటలో ‘ఒరే, నీళ్లు మళ్లించారా లేదా’ అనేవారు. నీ రాతలో మొదటి గొంతే వినిపిస్తోంది. రెండోది లేకపోతే ఆయన సంఘంవాళ్లకి తెలిసిన మనిషే అవుతాడు, నీకు తెలిసిన మనిషి కాడు. ఆ ‘ఒరే’ని దిద్దకు.

సంఘంవాళ్లు ఏమనుకుంటారో అని భయపడుతున్నావు, తెలుసు. ముందు మీ అమ్మకి చదివి వినిపించు. బట్వాడా రోజు చిల్లర లెక్కపెట్టింది ఆమే అయ్యుంటుంది. ఆమె వద్దన్న పేర్లు తీసెయ్, జరిగినదాన్ని మాత్రం తీయకు.

నాన్నగారి ప్రసంగాల నోటుబుక్కులు ట్రంకు పెట్టెలో ఉన్నాయన్నావు. ముందు నుంచి చదివి, కొన్ని పుస్తకంలో ఎత్తి రాశావు కూడా. ఈసారి తిప్పి వెనక నుంచి తెరువు. మా నాన్న బుక్కుల్లో ముందు వైపు వాక్యం, వెనక వైపు కట్టెల ఖర్చు, కూలీల పేర్లు, ఎవరికెంత బాకీయో ఉండేవి. మీ నాన్నవీ అలాగే ఉంటాయని నా నమ్మకం. ధర పడిపోయిన ఆ ఏడాది బాకీ పడ్డ పేర్లు ఎన్నున్నాయో, వాటిలో ఎన్నిటి మీద గీత కొట్టి ఉందో చూసి నాకు రాయి.