డి ఆంజా నుంచి ప్రైవేట్ యూనివర్సిటీకి: యూనిట్లు వస్తాయి, మేజర్‌లో లెక్కకు వస్తాయా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం సన్నీవేల్‌లో ఉంటాం. మా అమ్మాయి డి ఆంజా కమ్యూనిటీ కాలేజీలో మొదటి ఏడాది ముగిస్తోంది, రెండో ఏడాది తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కావాలి. కంప్యూటర్ సైన్స్ మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా) చదవాలని కోరిక, జీపీఏ 3.8. మనసంతా యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) మీద ఉంది, లేదంటే శాంటా క్లారా అంటోంది, రెండూ ప్రైవేటే. మావారేమో ప్రభుత్వ యూనివర్సిటీ యూసీ డేవిస్ వస్తే చాలంటారు. ప్రైవేట్‌కి వెళ్తే ఇక్కడ చదివిందంతా పోతుందని బంధువులొకరు భయపెట్టారు. పాప ఇంకా మా వీసా మీద ఆధారపడ్డ హెచ్‌-4 (డిపెండెంట్ వీసా) మీదే ఉంది, వచ్చే జనవరికి 20 నిండుతాయి. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ బంధువు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ముందు ఆ సగం ఏదో చూద్దాం.

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి రెండు ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థలకు, అంటే యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), సీఎస్‌యూకి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ), దారి ముందే వేసి ఉంచారు. డి ఆంజాలోని ఏ కోర్సు డేవిస్‌లోని ఏ కోర్సుకు సమానమో అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. డేవిస్‌తో కలిపి ఆరు యూసీ క్యాంపస్‌లు ట్యాగ్ పేరుతో సీటు హామీ కూడా ఇస్తాయి. కాకపోతే ట్యాగ్ అన్ని మేజర్లకూ ఉండదు, కంప్యూటర్ సైన్స్‌కు కొన్ని క్యాంపస్‌లలో అసలు లేదు. కాబట్టి మీవారు డేవిస్ ఖాయమనుకునే ముందు ఈ ఏడాది జాబితా ఒకసారి చూడమనండి.

ప్రైవేట్‌లో ఈ ఏర్పాటు వేరు. ఎవరి నిబంధనలు వాళ్లవి. యూసీ కోసం పూర్తిచేసే జనరల్ ఎడ్యుకేషన్ ప్యాకేజీని చాలా ప్రైవేట్ యూనివర్సిటీలు ఉన్నదున్నట్టుగా తీసుకోవు. అయితే యూఎస్‌సీ ఈ విషయంలో నయం. అది ఏటా వెయ్యి మందికి పైగా ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను చేర్చుకుంటుంది, వాళ్లలో దాదాపు సగం మంది కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల వాళ్లే. డి ఆంజా కోర్సుల్లో ఏవి తమ దగ్గర చెల్లుతాయో చెప్పే ఒప్పంద పత్రాన్ని తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. స్టాన్‌ఫర్డ్ మీ ఇంటికి దగ్గరే అయినా ట్రాన్స్‌ఫర్‌లో తీసుకునేది చాలా కొద్దిమందిని. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి.

ఇప్పుడు ఆ నిజమైన సగం. రెండేళ్ల కిందట ఫ్రీమాంట్ నుంచి ఒక అబ్బాయి వాళ్ల నాన్నగారితో నా దగ్గరికి వచ్చాడు. ప్రైవేట్ యూనివర్సిటీలో సీటొచ్చింది, డిపాజిట్ కట్టేశారు, ఇంట్లో స్వీట్లు పంచుకున్నారు. ఏడాదిని మూడు టర్మ్‌లు చేసే క్వార్టర్ పద్ధతిలో చదివిన 90 యూనిట్లు (క్రెడిట్లు), రెండు టర్మ్‌లు చేసే సెమిస్టర్ లెక్కలో 60 యూనిట్లయ్యాయి, యూనివర్సిటీ అన్నీ తీసుకుంది. నాన్నగారు ఆ కాగితం గర్వంగా నా ముందు పెట్టారు. నేను పెన్సిల్‌తో ఒక్కో వరుసా దిగుతూ వచ్చాను. డేటా స్ట్రక్చర్స్ పక్కన ‘ఎలెక్టివ్’ అని ఉంది. దాని ముందు ప్రోగ్రామింగ్ కోర్సు పక్కన కూడా అదే మాట. అంటే యూనిట్లు వచ్చాయి గానీ మేజర్‌లో లెక్కకు రాలేదు. ఆ కోర్సులు మళ్లీ చదివితే తప్ప పైవి తీసుకోవడానికి లేదు, అవన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి. రెండేళ్లలో అయిపోవాల్సింది మూడేళ్లు పడుతుందని తేలింది. ఆ మూడో ఏడాది ఫీజు అంకె విన్నప్పుడు ఆ తండ్రి ముఖం నాకింకా గుర్తుంది.

కాబట్టి, అమ్మా, సీటు వస్తుందా అన్నదానికంటే ముందు ‘చేరాక ఎన్ని సెమిస్టర్లు పడుతుంది’ అని అడగాలి.

డి ఆంజా క్వార్టర్ పద్ధతిలో నడుస్తుంది. శాంటా క్లారా, డేవిస్ కూడా అంతే. యూఎస్‌సీది సెమిస్టర్. క్వార్టర్ నుంచి సెమిస్టర్‌కి వెళ్లేటప్పుడు వరుస కోర్సులను మధ్యలో ఆపితే నష్టం. కాలిక్యులస్ 1ఎ, 1బి చేసి 1సి వదిలేస్తే అది సెమిస్టర్ లెక్కలో ఎక్కడా సరిగ్గా అతకదు. ఫిజిక్స్‌కీ ఇదే సమస్య. అందుకే ఈ వేసవిలో, వచ్చే ఫాల్‌లో (శరదృతువు టర్మ్‌లో) కొత్త సబ్జెక్టులు మొదలుపెట్టేకన్నా, మొదలుపెట్టిన వరుసలను చివరిదాకా పూర్తిచేయమనండి. కమ్యూనిటీ కాలేజీ నుంచి యూఎస్‌సీ తీసుకునేది గరిష్ఠంగా 64 సెమిస్టర్ యూనిట్లు, అంటే 96 క్వార్టర్ యూనిట్లు. అంతకుమించిన యూనిట్లు డిగ్రీ లెక్కలోకి రావు.

ఇంకో చిన్న జాగ్రత్త. ప్రతి కోర్సు సిలబస్‌నూ క్వార్టర్ ముగియకముందే పీడీఎఫ్‌గా దాచుకోమనండి. తర్వాత కాలేజీ ఆన్‌లైన్ క్లాస్‌రూమ్ కాన్వాస్‌లో కోర్సు కనిపించకపోవచ్చు. ఏదైనా కోర్సు ‘ఎలెక్టివ్’గా పడితే దాన్ని మార్పించుకోవడానికి ఏ భాషలో నేర్పారు, ఏ పుస్తకం, వారానికి ఏ పాఠం అన్నది డిపార్ట్‌మెంట్‌కు చూపించాలి. ఆ పీడీఎఫ్ లేక వాదించలేకపోయిన పిల్లలను చూశాను.

డబ్బు సంగతి దాచకుండా చెప్పుకుందాం. డి ఆంజాలో కాలిఫోర్నియా వాసులకు క్వార్టర్ యూనిట్‌కు 31 డాలర్లు, ఏడాదికి 45 యూనిట్లయితే 1,400 లోపే. యూఎస్‌సీలో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 70,000 దాటింది. హెచ్‌-4 పిల్లలకు ఫెడరల్ సాయం రాదు, ఎఫ్‌-1కి (విద్యార్థి వీసాకి) మారినా రాదు. మొదటి ఏడాదిలో చేరేవాళ్లతో పోలిస్తే ట్రాన్స్‌ఫర్ వాళ్లకు స్కాలర్‌షిప్‌లు కూడా తక్కువే.

మన తెలుగు ఇళ్లలో చాలామంది పట్టించుకోనిది మరొకటుంది. మీ అమ్మాయి వచ్చే ఏడాది ఫాల్‌లో ట్రాన్స్‌ఫర్ అవుతుంది. ఆ తర్వాతి జనవరికే 21 నిండుతాయి, జూనియర్ ఏడాది (డిగ్రీ మూడో ఏడాది) మధ్యలో. అప్పటికి గ్రీన్ కార్డ్ రాకపోతే హెచ్‌-4 పోతుంది, ఎఫ్‌-1కి మారాలి. ఎఫ్‌-1 అయితే యూసీలో రెసిడెంట్ ఫీజు (రాష్ట్ర వాసులకుండే తక్కువ ఫీజు) పోయే ప్రమాదం ఉంది. నాన్‌రెసిడెంట్ అదనపు ట్యూషన్ ఏడాదికి 30,000 డాలర్లకు పైనే. ప్రైవేట్‌లో రెసిడెంట్, నాన్‌రెసిడెంట్ తేడా లేదు, అందరికీ ఒకే ఫీజు. అంటే ఈరోజు డేవిస్‌కీ యూఎస్‌సీకీ మధ్య కనిపిస్తున్న అంతరం ఆ జనవరి తర్వాత కొంత తగ్గొచ్చు. మీవారితో కూర్చుని రెండు లెక్కలూ వేయండి: హెచ్‌-4 ఉంటే ఒకటి, పోతే ఒకటి. వీసా మార్పు ఎప్పుడు పెట్టాలో మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను, ఫీజు హోదా మారుతుందా అన్నది డేవిస్ రెసిడెన్సీ ఆఫీసును ఇప్పుడే అడగండి. పక్కింటివాళ్లకు జరిగింది మీకూ జరుగుతుందనుకోకండి.

అప్లికేషన్ పనుల్లో ఒక్కటే గట్టిగా చెప్తాను. యూసీ రికమెండేషన్ లెటర్లు అడగదు, చాలా ప్రైవేట్ యూనివర్సిటీలు అడుగుతాయి. 40 మంది క్లాసులో చివరి వరుసలో కూర్చుని ‘ఎ’ తెచ్చుకున్న పిల్ల గురించి ప్రొఫెసర్ ఏం రాయగలరు? ఫాల్ మొదటి వారం నుంచే ఒకరిద్దరు ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కి (క్లాసు బయట విద్యార్థులను కలిసే సమయానికి) వెళ్లమనండి. ట్యాగ్ గడువు సెప్టెంబర్ నెల, యూసీ అప్లికేషన్ శీతాకాలానికి ముందే, ప్రైవేట్‌వి ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో. ఒకదానికోసం మరొకటి వదులుకోనక్కర్లేదు, అన్నిటికీ పెట్టించండి.

మీ ఉత్తరంలో ‘కమ్యూనిటీ కాలేజీ’ అన్న చోట కొంచెం మొహమాటం కనిపించింది. వద్దమ్మా. చివరికి డిగ్రీ మీద ఉండేది పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరే. మీ అమ్మాయి ఈ ఏడాది మీకు మిగిల్చిన డబ్బు చిన్నది కాదు.

ఈ వారాంతం చేయాల్సింది ఇది. తన ట్రాన్స్‌క్రిప్ట్ ప్రింట్ తీసి, పక్కనే యూఎస్‌సీ ఒప్పంద పత్రం పెట్టుకుని, ప్రతి కోర్సు పక్కన ‘మేజర్’, ‘జనరల్’, ‘ఎలెక్టివ్’ అని పాప చేతే రాయించండి. శాంటా క్లారాకి, డేవిస్‌కి కూడా ఒక్కో కాగితం. ‘ఎలెక్టివ్’ అని ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి ఆ మూడు కాగితాలూ నాకు పంపండి.