బర్మింగ్‌హామ్‌లో ఇన్ని బాప్టిస్టు చర్చిలెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సుమారు రెండు లక్షల జనాభా గల ఆ ఊళ్లో ఎటు తిరిగినా చర్చి కనిపిస్తుందనీ, వాటిలో బాప్టిస్టు సంఘాలే ఎక్కువనీ చెబుతున్నాడు. ఒకే శాఖకు అన్ని సంఘాలెందుకు? ఒంగోలు బాప్టిస్టులమైన మేమూ, వాళ్లూ ఒకటేనా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీకు తెలిసినదే, బాప్టిస్టులలో ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం. పాస్టరును పిలుచుకోవడం, ఆస్తిని చూసుకోవడం, సభ్యులను చేర్చుకోవడం అన్నీ సంఘస్థుల నిర్ణయమే కనుక, మనస్పర్థలు వచ్చి కొందరు వేరుపడదలిస్తే వారికి ఏ బిషప్పు అనుమతీ అక్కర్లేదు. అయితే బర్మింగ్‌హామ్‌లో అసలు గీత పడింది ఒంటి రంగు దగ్గర. 1871లో వెలసిన ఆ ఊళ్లో రెండేళ్లకే నల్లజాతివారు సొంత బాప్టిస్టు సంఘాన్ని ఏర్పరచుకున్నారు. అదే నేటి పదహారో వీధి బాప్టిస్టు చర్చి. 1963 సెప్టెంబరు 15, ఆదివారం ఉదయం 10.22 గంటలకు తెల్లజాతి దురహంకారులు పెట్టిన బాంబు పేలి అక్కడ నలుగురు బాలికలు చనిపోయారు. రంగుటద్దాల కిటికీలో క్రీస్తు ముఖం ఎగిరిపోయి, మిగతా బొమ్మ చాలావరకు అలాగే నిలిచింది. తరువాత వేల్స్ ప్రజలు చందాలు వేసుకుని, నల్లని క్రీస్తు రూపం గల కొత్త కిటికీని ఆ చర్చికి కానుకగా ఇచ్చారు. మీ అబ్బాయిని తప్పక చూసి రమ్మనండి.

ఇక తెల్లవారి ఫస్ట్ బాప్టిస్టు చర్చిలో, 1970లో ఒక నల్లజాతి తల్లినీ కూతురినీ సభ్యులుగా చేర్చుకోవడంపై సంఘం చీలింది. వారిని చేర్చుకోవాలన్న పాస్టరూ ఆయన పక్షం వారూ బయటికి వచ్చి వేరే సంఘం పెట్టుకున్నారు. మిగతా శాఖలు ఇందుకు అతీతమేమీ కాదు. 1963 ఏప్రిల్‌లో, వర్ణవివక్షకు వ్యతిరేకంగా నల్లవారు చేస్తున్న ప్రదర్శనలు తగవంటూ ప్రకటన చేసిన ఎనిమిది మంది తెల్లజాతి మతాధికారులలో ఎపిస్కోపల్, మెథడిస్టు, కాథలిక్ బిషప్పులు, ప్రెస్బిటేరియన్, బాప్టిస్టు పాస్టర్లు, ఒక యూదు రబ్బీ కూడా ఉన్నారు. బాప్తిస్మం విషయంలో ఏకం కాలేనివారు ఈ విషయంలో ఏకమయ్యారు! మార్టిన్ లూథర్ కింగ్ జైలు నుంచి రాసిన ప్రసిద్ధ లేఖ వారికిచ్చిన జవాబే.

మీ రెండో ప్రశ్నకు జవాబు 1845లో ఉంది. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చునా అన్న వివాదంలో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలి, దక్షిణాదివారు సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్‌ను, అంటే తమ సంఘాల సమాఖ్యను, స్థాపించుకున్నారు. ఆ చరిత్రకు వారు 1995లో క్షమాపణ కోరారు. అప్పటికే 1840లో నెల్లూరులో మొదలైన తెలుగు మిషన్ ఉత్తరాదివారి పక్షానే నిలిచింది. 1866లో మీ ఊరికి వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొరను పంపినదీ వారే. కనుక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్న ముంపు బాప్తిస్మమూ, బర్మింగ్‌హామ్ బాప్టిస్టుల బాప్తిస్మమూ ఒకే తీరువే అయినా, మీ సంఘాల పుట్టుక సదరన్ బాప్టిస్టులతో ముడిపడినది కాదు. అక్కడి నల్లజాతి బాప్టిస్టులకు నేషనల్ బాప్టిస్టు అన్న పేరుతో వేరే కన్వెన్షన్లు ఉన్నాయి. అందుచేత మీ అబ్బాయి బోర్డు మీది ‘బాప్టిస్టు’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఆ సంఘం ఏ కన్వెన్షన్‌కు చెందినదో కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.