టర్కీ ప్రాంతపు పురాతన భాష లూవియన్‌లో దుబాసీని ఏమనేవారు? మన ‘తర్జుమా’కీ ఆ మాటకీ చుట్టరికం ఉందా?

ఉందనే నా నమ్మకం. కాకపోతే మీరడిగిన లూవియన్ మాట పండితులు ఊహించి తిరిగి కట్టిన రూపం. దానికి దన్ను, లూవియన్‌కు చుట్టమైన హిట్టైట్ భాషలో రాసిన మట్టిపలకల్లోని ‘తర్కుమ్మియ’ అనే క్రియ. ప్రకటించడం, విడమరచి చెప్పడం, వేరే భాషలోకి మార్చి చెప్పడం దాని అర్థాలు. ఇరాక్ ప్రాంతపు పురాతన భాష అక్కాడియన్‌లో దుబాసీని ‘తర్గుమన్ను’ అనేవారు. ఇది లూవియన్ నుంచే వచ్చిందని భాషా పండితుడు ఫ్రాంక్ స్టార్కె 1993లో వాదించాడు. ఒప్పుకోనివాళ్లు సెమిటిక్ భాషల్లో (అక్కాడియన్, అరబీల కుటుంబం) ‘పిలవడం, పలకడం’ అనే అర్థమున్న ‘రగము’ ధాతువును చూపిస్తారు.

నేను స్టార్కె వైపే మొగ్గుతాను. టర్కీలో కైసేరి దగ్గరున్న కుల్తెపెలో 20 వేలకు పైగా పలకలు దొరికాయి. క్రీ.పూ. 19వ శతాబ్దం నాటికే ఇప్పటి ఇరాక్‌లోని అస్సూరు నగరపు వర్తకులు గాడిదల మీద తగరం, బట్టలు వేసుకుని అక్కడికి వచ్చి బేరాలు చేసేవారు. వాళ్ల పలకల్లో ‘తర్గుమన్ను’ అన్న మాట ఉంది. పరాయి ఊళ్లో బేరమాడేవాడు దుబాసీని అక్కడివాళ్లు పిలిచే పేరుతోనే పిలవడం మామూలే కదా.

తర్వాతి దారి తేలిక. అరామిక్, అరబీ, ఫార్సీ, ఉర్దూ, అక్కణ్ణుంచి తెలుగు. నిజాం కాలం నాటి మా భూమి కాగితాలు ఉర్దూలో ఉండేవి, ఇంట్లో అందరూ “తర్జుమా చేయించాలి” అనే అనేవారు. అంకారా వెళ్లినప్పుడు నోటరీ ఆఫీసుల పక్కన ‘తెర్జుమె బ్యురోసు’ అన్న బోర్డులు చదివి నవ్వొచ్చింది.

నేను అమెరికాలో ఆస్పత్రులకు ఫోన్‌లో తెలుగు దుబాసీగా పనిచేస్తాను. అందుకే నాకు మాట పుట్టుక కంటే కల్బయ అనే దూత కథ ఎక్కువ ఇష్టం. క్రీ.పూ. 14వ శతాబ్దంలో పడమటి అనటోలియాలోని (ఇప్పటి టర్కీ) అర్జావా రాజు ఈజిప్టు ఫరోతో వియ్యానికి మాటలు నడిపాడు. ఆ ఉత్తరాలు ఈజిప్టులోని అమర్నాలో దొరికాయి. ఒకదాంట్లో అర్జావా వైపు నుంచి ఇలా రాశారు: వియ్యం సంగతి కల్బయ నోటితో చెప్పాడు, పలకలో మాత్రం లేదు, అతన్ని నేను నమ్మను. చివర్లో అక్కడి లేఖకుడు ఈజిప్టు లేఖకుడికి విడిగా ఒక మాట చేర్చాడు: నీ పేరు కూడా రాయి, పలకలు ఎప్పుడూ హిట్టైట్‌లోనే పంపు.

మందుల సంగతి అంతా వివరించాక మా పెద్దవాళ్లు కూడా ఇంతే. “నువ్వు చెప్పింది బాగానే ఉంది బాబూ, కాగితం మీద రాయించి మా అబ్బాయికి పంపమను” అంటారు. మొదట్లో చిన్నతనంగా అనిపించేది. ఇప్పుడు నేనే డాక్టరుగారిని ముందుగా అడుగుతాను.

లూవియన్‌లోనే బహుభాషల గొప్ప చెప్పుకున్నవాడు కావాలంటే టర్కీ-సిరియా సరిహద్దులోని కర్కెమిష్ పాలకుడు యరిరి ఉన్నాడు. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి తన శాసనంలో తనకు నాలుగు లిపులూ 12 భాషలూ వచ్చని చెక్కించుకున్నాడు. భాషల కోసం తన ప్రభువు దేశదేశాల బాటసారులను తన దగ్గరికి చేర్చాడట. అంకారా మ్యూజియంలో, రాచబిడ్డ కమని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న అతని శిల్పం చూడొచ్చు. ఆ పన్నెండులో ఎన్ని “బాగున్నారా, భోంచేశారా” స్థాయివో అతనికే తెలియాలి.